ఫైలు ఎక్కడుంది? డేటాబేస్ కాబోయిన ఫైల్ సిస్టంల కథ

కంప్యూటర్‌లో ఒక ఫైలు తెరవాలంటే అది ఎక్కడుందో ముందు తెలియాలి. ఏ డ్రైవు, అందులో ఏ ఫోల్డరు, ఆ ఫోల్డరులో మళ్లీ ఏ ఫోల్డరు, చివరికి ఫైలు పేరేమిటి. ఈ దారిలో ఒక్క అక్షరం తప్పినా అలాంటి ఫైలే లేదని ఆపరేటింగ్ సిస్టం చేతులెత్తేస్తుంది. ఫైలు మాత్రం డిస్కులో భద్రంగానే ఉంటుంది. డేటాబేస్ తీరు వేరు. అక్కడ రికార్డు ఏ మూల ఉందో ఎవరూ చెప్పనక్కర్లేదు, అది ఎలాంటిదో చెబితే చాలు. గత నెలలో చేరినవాళ్లలో బాకీ 10,000 దాటిన ఖాతాదారులు కావాలంటే ఆ జాబితా ముందుకొచ్చేస్తుంది. ఫైళ్లను కూడా ఇలా గుణగణాలు చెప్పి పిలవగలిగితే బాగుంటుందన్న ఆలోచన 1960ల నుంచీ ఉంది. ఐబీఎం, మైక్రోసాఫ్ట్ లాంటి పెద్ద కంపెనీలు దానికోసం ఏళ్ల తరబడి శ్రమపడ్డాయి. మామూలు వాడకందారు బల్లమీది కంప్యూటర్‌లో దాన్ని నిజంగా నడిపించి చూపింది మాత్రం కాలిఫోర్నియాలోని ఒక చిన్న కంపెనీ.

ఫోల్డరులో ఫోల్డరు అమర్చే పద్ధతికి పుట్టిల్లు మల్టిక్స్. ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి అమెరికాలో తలపెట్టిన ఆపరేటింగ్ సిస్టం అది. దాని ఫైల్ సిస్టం ఎలా ఉండాలో ఆర్.సి. డేలీ, పి.జి. న్యూమన్ 1965లో ఒక పత్రంలో వివరించారు. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే రోజులవి. ఒకరి ఫైళ్లు ఇంకొకరి ఫైళ్లలో కలిసిపోకూడదు, ఇద్దరు ఒకే పేరు పెట్టుకున్నా గొడవ రాకూడదు. కొమ్మలుగా చీలే డైరెక్టరీలతో, అంటే ఫోల్డర్లతో, ఆ చిక్కు తీరిపోయింది. ఎవరి ఫైళ్లు వాళ్లకు విడిగా ఉంచడమే ఆ ఏర్పాటులో ప్రధానం. లక్షల ఫైళ్లలోంచి ఒకదాన్ని వెతికి పట్టుకోవడం అప్పటికి ఎవరికీ రాని సమస్య.

బెల్ ల్యాబ్స్ 1969లో మల్టిక్స్ నుంచి తప్పుకుంది. అక్కడి కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తమ సొంత యూనిక్స్‌కు ఈ డైరెక్టరీల చెట్టును తెచ్చుకుని, ఇంకా సరళం చేశారు. యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ ఐనోడ్ అనే చిన్న పత్రం ఉంటుంది. ఫైలు పరిమాణం, యజమాని, అనుమతులు, తేదీలు, డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉంది అన్నవే అందులోని వివరాలు. పేరు కూడా ఐనోడ్‌లో ఉండదు, డైరెక్టరీలో ఉంటుంది. లోపలున్నది ఉత్తరమా, ఫోటోనా, జీతాల పట్టీనా అన్నది సిస్టంకు అనవసరం. దానికి అదంతా బైట్ల వరసే. ఈ పట్టనితనమే యూనిక్స్‌కు బలమైంది. ఎవరు ఏ ప్రోగ్రామ్ రాసినా, ఏ రకం సమాచారం దాచినా ఫైల్ సిస్టం అడ్డు చెప్పలేదు. వెతుకులాట భారం మాత్రం మనిషి జ్ఞాపకం మీద పడింది. జ్ఞాపకం లేకపోతే, చెట్టులోని ప్రతి కొమ్మా ఎక్కి దిగి చూసే ఒక ఆదేశం ఉంది. డిస్కు పెరిగేకొద్దీ అదీ నెమ్మదించింది.

విచిత్రమేమిటంటే, డేటాబేస్‌ల లోకం అదే సమయంలో చెట్లను వదిలించుకునే పనిలో ఉంది. ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేసిన ఇ.ఎఫ్. కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదిస్తూ రాసిన పత్రంలో, నాటి డేటాబేస్‌ల మీద చేసిన ముఖ్యమైన ఫిర్యాదుల్లో దారి మీద ఆధారపడటం ఒకటి. సమాచారం చెట్టు ఆకారంలో ఉంటే ప్రతి ప్రోగ్రామూ ఆ చెట్టులోని దారులను కంఠస్థం చెయ్యాల్సి వస్తుంది. రేపు ఎవరైనా కొమ్మలు మారిస్తే ప్రోగ్రాములన్నీ కూలబడతాయి. కాడ్ ఈ మాట అన్నది డేటాబేస్‌ల గురించే అయినా ఫైల్ సిస్టంలకు అక్షరాలా వర్తిస్తుంది. డేటాబేస్‌లు ఆయన మాట విన్నాయి. ఫైల్ సిస్టంలు వినలేదు.

వినాల్సిన అవసరం లేకుండానే వేరే దారిలో నడిచినవి రెండున్నాయి. వాటి గురించి కంప్యూటర్ చరిత్రల్లో తక్కువగా రాస్తారు, వ్యాపార లెక్కల యంత్రాలు కావడం వల్ల కాబోలు. మొదటిది పిక్. టీఆర్‌డబ్ల్యూ కంపెనీలో డిక్ పిక్, డాన్ నెల్సన్ 1960ల మధ్యలో దీనికి పునాది వేశారు. అమెరికా సైన్యం కోసం లాక్‌హీడ్ తయారుచేస్తున్న షయాన్ హెలికాప్టర్ విడిభాగాల లెక్క చూసుకోవడం దాని మొదటి పని. సైన్యం 1972లో ఆ హెలికాప్టర్‌నే రద్దు చేసింది, సాఫ్ట్‌వేర్ మాత్రం బతికింది. మైక్రోడేటా అనే కంపెనీ 1973లో దాన్ని రియాలిటీ పేరుతో అమ్మింది. పిక్‌లో ఆపరేటింగ్ సిస్టమూ డేటాబేసూ వేర్వేరు కావు. ప్రతి ఫైలుకూ ఒక నిఘంటువు తోడుంటుంది. ఆ ఫైలులోని రికార్డుల్లో ఏయే వివరాలున్నాయో అది చెబుతుంది. గుమాస్తా తెర ముందు కూర్చుని, ఫలానా ఊరి ఖాతాదారులను బాకీ వరసలో చూపించు అని మామూలు మాటలకు దగ్గరగా టైప్ చేస్తే జాబితా వచ్చేది. ప్రోగ్రామర్‌ను పిలవనక్కర్లేదు.

రెండోది ఐబీఎం సిస్టం/38. 1978లో ప్రకటించిన ఈ యంత్రాన్ని మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్‌లో రూపొందించారు. ఇందులో మెమరీకీ డిస్కుకూ మధ్య గీతే లేదు. అంతా ఒకే చిరునామాల వరస, అందులో ఉండేవి వస్తువులు. డేటా ఫైలు పెట్టుకున్నారంటే అది పుట్టుకతోనే డేటాబేస్ పట్టిక. దాని మీద లాజికల్ ఫైలు అని ఒకటి అల్లుకుంటే అవే రికార్డులు ఇంకో వరసలో, వడపోసి కనిపించేవి. రికార్డు మారితే ఆ వరసలన్నీ వాటంతటవే సర్దుకునేవి. 1988లో ఏఎస్/400గా మారాక బ్యాంకులు, టోకు వ్యాపార సంస్థలు దీన్ని విరివిగా కొన్నాయి. ఆ యంత్రంలోని డేటాబేస్‌కు చాలాకాలం విడిగా పేరు కూడా లేదు, అది యంత్రంలో భాగం కాబట్టి. అయితే ఇవి రెండూ గళ్లు గీసిన పుస్తకంలో పట్టే సమాచారానికి తగినవి. ఉత్తరాలు, బొమ్మలు, పాటలు, అర్ధాంతరంగా ఆగిన వ్యాసాలు గజిబిజిగా పేరుకునే సొంత కంప్యూటర్ సంగతి వేరు.

ఆ గజిబిజి మీద మొదట సూటిగా గురిపెట్టింది ఎంఐటీ. డేవిడ్ గిఫర్డ్, ఆయన సహచరులు 1991లో సెమాంటిక్ ఫైల్ సిస్టం అనే పత్రం వెలువరించారు. ఒక్కో రకం ఫైలుకు ఒక్కో చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. అది ఫైలును చదివి అందులోంచి వివరాలు ఏరుతుంది. మెయిల్ అయితే ఎవరు పంపారు, విషయమేమిటి. సి భాషలో రాసిన ప్రోగ్రామ్ అయితే అందులో ఏయే ఫంక్షన్లున్నాయి. ఈ వివరాలన్నీ ఒక ఇండెక్స్‌లోకి చేరతాయి. అసలు తమాషా ఆ తర్వాతి మెట్టులో ఉంది. వెతకడానికి వాళ్లు కొత్త ఆదేశం పెట్టలేదు. యజమాని అనే పేరున్న డైరెక్టరీలోకి వెళ్లినట్టు దారి రాస్తే లోపల యజమానుల పేర్లు ఫోల్డర్లలా కనిపిస్తాయి. ఒక పేరులోకి వెళ్తే ఆ మనిషి ఫైళ్లన్నీ కనిపిస్తాయి. అలాంటి డైరెక్టరీ డిస్కులో ఎక్కడా లేదు, అడిగినప్పుడు అప్పటికప్పుడు పుడుతుంది. పాత ప్రోగ్రాములకు ఈ సంగతేమీ తెలియదు, వాటికది మామూలు ఫోల్డరే. చెట్టు వేషంలో డేటాబేస్‌ను నడిపిన ఈ యుక్తి తర్వాత వచ్చిన దాదాపు అన్ని ప్రయత్నాల్లోనూ ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

ఇక మొదట్లో చెప్పిన ఆ చిన్న కంపెనీ. ఆపిల్‌లో ఉత్పత్తుల విభాగం నడిపిన ఫ్రెంచి దేశస్థుడు జాన్ లూయీ గాసే 1990లో అక్కడి నుంచి బయటికొచ్చి బీ అనే కంపెనీ పెట్టారు. పాత బరువులేవీ మోయని కొత్త ఆపరేటింగ్ సిస్టం చెయ్యాలన్నది ఆయన పంతం. 1995 అక్టోబరులో రెండు ప్రాసెసర్లున్న బీబాక్స్ అనే యంత్రంతో పాటు బీఓఎస్ లోకానికి కనిపించింది. ఆ తొలి బీఓఎస్‌లో ఫైల్ సిస్టం ఒకటి, దాని పక్కనే విడిగా డేటాబేస్ ఇంకొకటి ఉండేవి. ఫైళ్ల వివరాలు డేటాబేస్‌లో, ఫైళ్లు ఫైల్ సిస్టంలో. చెప్పుకోవడానికి బాగానే ఉన్నా నడపడం తలనొప్పి అయింది. ఒకవైపు మార్పు జరిగితే రెండోవైపు తెలిసేది కాదు. సర్వే నంబర్ల వరసలో ఉండే అడంగల్, పట్టాదారుల ఖాతాల వరసలో ఉండే 1-బి రిజిస్టరు ఒకే భూమి గురించి చెబుతాయి. భూమి చేతులు మారినప్పుడు ఒకదాంట్లో రాసి రెండోదాంట్లో రాయకపోతే ఏం జరుగుతుందో తెలుగు రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. బీఓఎస్‌కు పట్టిన పీడ అదే.

దాన్ని వదిలించే పని డామినిక్ జాంపాలో, సిరిల్ మ్యూరియోన్ అనే ఇద్దరు ఇంజనీర్ల మీద పడింది. వాళ్లు 1996 సెప్టెంబరులో మొదలుపెట్టి ఏడాది తిరక్కుండానే కొత్త ఫైల్ సిస్టం రాసేశారు. 1997లో విడుదలైన దాని పేరు బీ ఫైల్ సిస్టం, పొట్టిగా బీఎఫ్ఎస్. రెండు రిజిస్టర్ల గొడవకు వాళ్ల పరిష్కారం రెండో రిజిస్టరును మొదటిదాంట్లోనే కుట్టెయ్యడం. ఫైలుకు ఎన్ని వివరాలైనా తగిలించవచ్చు. వాటిని అట్రిబ్యూట్లు అన్నారు. ఒక్కోదానికి పేరు, రకం, విలువ ఉంటాయి. చిన్నవాటిని ఐనోడ్ ఉన్న బ్లాకులోనే మిగిలిన ఖాళీలో సర్దేవారు, కాబట్టి వాటిని చదవడానికి డిస్కు మీద మరోచోటికి పోనక్కర్లేదు. ఏ అట్రిబ్యూట్ మీద వెతుకులాట ఎక్కువ ఉంటుందో దానికి ఇండెక్స్ పెట్టుకోవచ్చు. ఆ ఇండెక్స్ బీ-ప్లస్ ట్రీ అనే ఆకారంలో అదే డిస్కులో, అదే ఫైల్ సిస్టంలో దాగి ఉంటుంది. పేరు, పరిమాణం, చివరిగా మార్చిన సమయం, ఈ మూడింటికీ ఇండెక్స్‌లు మొదటి నుంచే ఉండేవి.

ఈ కలయిక ఫలితం ఎలా ఉండేదో తెలియాలంటే బీఓఎస్ మెయిల్ చూడాలి. అక్కడ పెద్ద మెయిల్ ప్రోగ్రామ్, దాని సొంత డబ్బా అంటూ ఏమీ లేవు. వచ్చిన ప్రతి ఉత్తరమూ డిస్కులో ఒక మామూలు ఫైలు. పంపినవారి పేరు, విషయం, వచ్చిన సమయం, చదివారా లేదా అన్నవి దాని అట్రిబ్యూట్లు. ట్రాకర్ అనే ఫైళ్ల కిటికీలో ఆ ఫోల్డరు తెరిస్తే ఈ వివరాలే వరసలుగా కనిపిస్తాయి, ఏ వరస మీద నొక్కితే దాని ప్రకారం సర్దుకుంటాయి. స్థితి కొత్తది అయిన ఉత్తరాలు చూపించు అన్న ఒక్క ప్రశ్నను, అంటే క్వెరీని, దాచుకుంటే అదే చదవాల్సిన ఉత్తరాల పెట్టె. ఒక ఉత్తరం చదవగానే దాని స్థితి మారుతుంది, ఆ క్షణమే పెట్టెలోంచి మాయమవుతుంది. ఫైలు మాత్రం ఎక్కడికీ కదలదు. దీన్ని లైవ్ క్వెరీ అనేవారు. ఫైలు అట్రిబ్యూట్ మారిన ప్రతిసారీ, తెరిచి ఉన్న క్వెరీల్లో దేనికైనా అది కొత్తగా తగుతోందా, దేని నుంచైనా జారిపోతోందా అని సిస్టమే చూసి సంబంధిత ప్రోగ్రామ్‌కు కబురు పంపేది. చిరునామాల పుస్తకమూ అంతే. ఒక్కో పరిచయస్థుడికీ ఒక్కో ఫైలు. పేరు, ఫోను, మెయిల్ చిరునామా అన్నీ అట్రిబ్యూట్లే. ఆ ఫైలు తెరిచి లోపల చూస్తే ఒక్క బైటూ ఉండదు, పరిమాణం సున్నా.

వేగం సంగతికొస్తే, క్వెరీలో ఒకటికి మించి షరతులుంటే వాటిలో తక్కువ ఫైళ్లతో తేలిపోయే ఇండెక్స్‌ను ఎంచుకుని, అక్కడ దొరికినవాటినే మిగతా షరతులతో సరిచూసేది. కనీసం ఒక షరతుకైనా ఇండెక్స్ ఉండి తీరాలి. రాత విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. బీఎఫ్ఎస్ జర్నలింగ్ ఉన్న ఫైల్ సిస్టం. చెయ్యబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుని తర్వాత అమలు చేస్తుంది. అట్రిబ్యూట్ మార్పూ ఇండెక్స్ మార్పూ ఒకే పద్దు కింద పడతాయి. మధ్యలో కరెంటు పోయినా రెండూ జరుగుతాయి, లేదా రెండూ జరగవు. పాత బీఓఎస్‌ను ఏడిపించిన తేడా ఇక రావడానికి సందు లేదు.

దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. ఫైలు పుట్టినా, చచ్చినా, పేరు మారినా ఇండెక్స్‌లన్నీ దిద్దాలి. అందుకే ఫైళ్లను సృష్టించడంలో, తుడిచెయ్యడంలో బీఎఫ్ఎస్ తన సాటివాళ్ల కంటే వెనకబడింది. ఈ సంగతిని జాంపాలో తన ఫైల్ సిస్టం గురించి తర్వాత రాసిన పుస్తకంలో దాచకుండా పెట్టారు. ఇండెక్స్ పెట్టకముందే ఉన్న ఫైళ్లు ఆ ఇండెక్స్‌లోకి ఎక్కేవి కావు. పేరు మధ్యలోని ముక్కతో వెతికితే ఇండెక్స్ మొత్తం చదవాల్సి వచ్చేది. ఇవన్నీ సర్దుకోగల లోపాలు. అసలు దెబ్బ వేరేచోట ఉంది: బీఓఎస్ గడప దాటితే అట్రిబ్యూట్లకు విలువ లేదు. పరిచయస్థుడి ఫైలును మామూలు ఫ్లాపీలోకి ఎక్కిస్తే అక్కడికి చేరేది ఖాళీ ఫైలు మాత్రమే. పేరు, ఫోను నంబరు దారిలోనే రాలిపోతాయి. అట్రిబ్యూట్లను కూడా మూటకట్టే జిప్‌లో పెట్టి పంపితే తప్ప అవి క్షేమంగా చేరవు. ఎంత గొప్ప ఫైల్ సిస్టమైనా పక్కింటి కంప్యూటర్‌తో మాట్లాడాల్సిందే. అక్కడ దాని భాష ఎవరికీ రాదు.

కంపెనీ కూడా నిలవలేదు. కొత్త ఆపరేటింగ్ సిస్టం కోసం వెతుకుతున్న ఆపిల్ బీని కొనడానికి బేరమాడి, చివరికి 1996 డిసెంబరులో స్టీవ్ జాబ్స్‌కు చెందిన నెక్స్ట్ వైపు మొగ్గింది. బీఓఎస్ ఇంటెల్ యంత్రాల మీదికి వచ్చినా విండోస్ మధ్య దానికి చోటు దొరకలేదు. 2001లో బీ ఆస్తులను పామ్ కంపెనీ 1.1 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

మైక్రోసాఫ్ట్ ఈ కలను బీ కంటే ముందే కన్నది. సమాచారమంతా వేలికొసల మీద ఉండాలని బిల్ గేట్స్ 1990లో ఒక ప్రసంగంలో ప్రకటించారు. మరుసటి ఏడాది కైరో అనే ప్రాజెక్టు వెలుగులోకొచ్చింది. ఫైళ్లను వస్తువులుగా, వాటి గుణాల ద్వారా వెతకగలిగే ఫైల్ సిస్టం అందులో ప్రధానం. ఏళ్లు గడిచినా కైరో బయటికి రాలేదు, ముక్కలు మాత్రం వేర్వేరు విండోస్‌లలో సర్దుకున్నాయి. ఆ కోరిక 2003 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన డెవలపర్ల సదస్సులో విన్‌ఎఫ్ఎస్ పేరుతో మళ్లీ వేదికెక్కింది. రాబోయే లాంగ్‌హార్న్ విండోస్‌కు మూడు స్తంభాలన్నారు, అందులో ఇదొకటి.

విన్‌ఎఫ్ఎస్ ఎత్తుకున్న పని బీఎఫ్ఎస్ కంటే చాలా పెద్దది. పేరు ఫైల్ సిస్టం అయినా అది విండోస్ ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్ఎస్ మీద, మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ పరిజ్ఞానంతో కట్టిన డేటాబేస్. బీఎఫ్ఎస్‌లో అట్రిబ్యూట్ అంటే పేరు, విలువ, అంతే. విన్‌ఎఫ్ఎస్‌లో మనుషులు, ఉత్తరాలు, ఫోటోలు, సమావేశాలు అన్నింటికీ ముందే నిర్ణయించిన రూపాలుంటాయి, వాటి మధ్య సంబంధాలూ ఉంటాయి. ఈ ఫోటోలో ఉన్న మనిషి, ఆ మనిషి పంపిన ఉత్తరాలు, ఆ ఉత్తరంలో చెప్పిన సమావేశం, ఇలా ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లవచ్చు. కాగితం మీద దీన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు. అయితే లోకంలోని సమాచారానికంతటికీ ఒక కంపెనీ ముందుగానే రూపాలు గీసి, ప్రతి ప్రోగ్రామ్ రాసేవాడూ వాటినే వాడతాడని ఆశించడం మొదటి నుంచీ బరువైన పందెం. సొంత కంప్యూటర్‌లో పూర్తిస్థాయి డేటాబేస్ ఇంజన్‌ను రాత్రింబవళ్లు నడపడం ఇంకో బరువు. 2004 ఆగస్టులో లాంగ్‌హార్న్ నుంచి విన్‌ఎఫ్ఎస్‌ను తప్పించారు. 2005 ఆగస్టులో ఒక బీటా వచ్చింది. 2006 జూన్‌లో విడి ఉత్పత్తిగా రాదని తేల్చేశారు. అందులోని కొన్ని భాగాలు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, డాట్‌నెట్‌లో కలిసిపోయాయి. తాను బయటికి తేలేకపోయిన ఉత్పత్తుల్లో దేని గురించి ఎక్కువ బాధ అని 2013లో అడిగినప్పుడు గేట్స్ చెప్పింది దీని గురించే.

విన్‌ఎఫ్ఎస్ వాయిదా పడటానికి రెండు నెలల ముందే, 2004 జూన్‌లో, ఆపిల్ స్పాట్‌లైట్ అనే వెతుకులాట సాధనాన్ని చూపించింది. 2005 ఏప్రిల్ 29న మాక్ ఓఎస్ ఎక్స్ టైగర్‌తో అది వాడకందారుల చేతికొచ్చింది. దాన్ని తయారుచేసిన బృందంలో డామినిక్ జాంపాలో ఉన్నారు. బీ మూతపడ్డాక 2002లో ఆయన ఆపిల్‌లో చేరి, ముందుగా అక్కడి పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టంకు జర్నలింగ్ చేర్చారు. బీఎఫ్ఎస్ రాసిన మనిషి స్పాట్‌లైట్‌కు ఎంచుకున్న దారి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఇండెక్స్ ఫైల్ సిస్టంలో లేదు. పక్కన ఉంది. ఒక్కో డ్రైవులో పై అంచెలోనే, కంటికి కనపడని ఒక ఫోల్డరులో మామూలు ఫైళ్లుగా ఉంటుంది. అంటే బీ తొలి రోజుల్లో తిప్పలు పెట్టిన ఆ రెండు రిజిస్టర్ల ఏర్పాటే.

తేడా అల్లా కబురు అందే తీరులో ఉంది. ఏ ఫైలు తాకినా ఆ సంగతిని ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నెల్ వెంటనే బయటికి చెప్పే ఏర్పాటు టైగర్‌లో చేశారు. కబురు అందగానే ఇంపోర్టర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ ఫైలును చదివి వివరాలు ఏరుతుంది, ఎంఐటీలో గిఫర్డ్ బృందం 1991లో చేసినట్టే. రాసినవారి పేరు, ఫోటో తీసిన కెమెరా, పాట నిడివి లాంటి వివరాలతో పాటు ఫైలు లోపలి మాటలు కూడా ఇండెక్స్‌కు ఎక్కుతాయి. బీఎఫ్ఎస్‌లో లోపలి మాటల వెతుకులాట లేదు. పైగా వివరాలను ఎవరూ విడిగా తగిలించనక్కర్లేదు, ఫైలులో ఉన్నవే తీసుకుంటారు. కాబట్టి ఫైలు వేరే యంత్రానికి పోయినా పోయేదేమీ లేదు, ఇండెక్స్ పాడైనా మళ్లీ కట్టుకోవచ్చు. ఈ రెండూ చిన్న లాభాలు కావు. డిస్కు మీది సత్యం ఒక్కటే, ఇండెక్స్ దాని నీడ. నీడ కాసేపు వెనకబడినా కొంప మునగదు. బీఎఫ్ఎస్ కాలపు కచ్చితత్వం పోయింది, దానికి బదులు ఏ ఫైలుతోనైనా పనిచేసే సౌలభ్యం వచ్చింది. వాడకందారులకు కావాల్సింది రెండోదే అని మార్కెట్ తేల్చింది.

విండోస్ విస్టాలోనూ చివరికి వచ్చింది ఇదే పద్ధతి. ఎన్‌టీఎఫ్ఎస్ తన మార్పుల చిట్టాను చెబుతుంది, బయట ఉన్న సెర్చ్ సర్వీసు ఇండెక్స్ రాసుకుంటుంది. లైనక్స్‌లో బీగిల్, ట్రాకర్ (బీఓఎస్ ట్రాకర్ కాదు), బాలూ అనేవి ఒకదాని తర్వాత ఒకటి అదే చేశాయి. ఆండ్రాయిడ్ ఫోనులో ఫోటోల గ్యాలరీ కూడా ఫోల్డర్లు తిరిగి బొమ్మలు తేదు. మీడియా ఫైళ్ల వివరాలు రాసుకున్న ఒక డేటాబేస్‌ను అడుగుతుంది. కంప్యూటర్ నుంచి ఫోనులోకి ఎక్కించిన ఫోటో ఒక్కోసారి గ్యాలరీలో వెంటనే కనపడకపోవడానికి కారణం ఇదే. ఫైలు చేరింది గానీ డేటాబేస్‌కు ఇంకా కబురు అందలేదు.

లోపలి మాటల ఇండెక్స్ వల్ల తెలుగువారికి ఎదురైన చిక్కు ఇంకొకటుంది. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు తెర మీద తెలుగులా కనపడుతుంది, ఫైలులో మాత్రం ఉండేవి వేరే గుర్తుల సంకేతాలు. ఇండెక్స్ రాసేది ఆ సంకేతాలనే. యూనికోడ్‌లో తెలుగు మాట టైప్ చేసి వెతికితే ఏళ్ల తరబడి అచ్చు కోసం తయారైన అలాంటి ఫైళ్లలో ఒక్కటీ దొరకదు. యూనికోడ్‌లో ఉన్నా పని సగమే అవుతుంది. పుస్తకం అని వెతికితే పుస్తకాలు, పుస్తకాన్ని అన్న రూపాలు దొరకాలంటే ఆ వెతికే యంత్రానికి తెలుగు విభక్తులు కొంతైనా తెలిసుండాలి. పరిమాణం, తేదీ, పంపినవారి పేరు లాంటి అట్రిబ్యూట్లకు ఈ బాధ లేదు.

బీఎఫ్ఎస్ మాత్రం చావలేదు. బీ అమ్ముడైన ఏడాదే దాని అభిమానులు బీఓఎస్‌ను మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టారు. 2004లో ఆ ప్రాజెక్టుకు హైకూ అని పేరు పెట్టారు, 2009లో తొలి ఆల్ఫా విడుదలైంది. ఫైల్ సిస్టం కూడా తిరగరాసిందే గానీ డిస్కు మీది అమరిక బీఎఫ్ఎస్‌దే. హైకూలో నేటికీ ఉత్తరం అంటే ఒక ఫైలు, పరిచయస్థుడంటే సున్నా బైట్ల ఫైలు, చదవాల్సినవాటి పెట్టె అంటే ఒక లైవ్ క్వెరీ.

ఆపిల్ 2016 జూన్‌లో తన కొత్త ఫైల్ సిస్టం ఏపీఎఫ్ఎస్‌ను ప్రకటించింది. డెవలపర్ల సదస్సులో దాన్ని వివరించిన ఇద్దరు ఇంజనీర్లలో ఒకరు జాంపాలో. స్నాప్‌షాట్లు, క్లోన్లు, ఎన్‌క్రిప్షన్ అన్నీ అందులో ఉన్నాయి. 2017 మార్చిలో ఐఫోన్లలోకి, ఆ ఏడాదే మాక్‌లలోకి అది చేరింది. అట్రిబ్యూట్ల ఇండెక్స్‌లు గానీ క్వెరీలు గానీ అందులో పెట్టలేదు. వెతికే పని ఇప్పటికీ పక్కన కూర్చున్న స్పాట్‌లైట్‌దే.